తూర్పు హద్దు

దండాసి వచ్చాడంటే టీ బండి కుర్రాడు
అందర్నీ వదిలేసి ఇటు పరిగెడతాడు.
ముప్పై ఏళ్లు. బరంపురం రిజిస్ట్రారాఫీసు ముందు
ఇదే రేకుల నీడ, ఇదే నేను,
తెలుగులో విని ఒడియాలో రాసే దస్తావేజుల పంతుల్ని,
ఏ భాషలోనూ గజం నేల లేనివాణ్ణి.

మొదటిసారి వచ్చినప్పుడు
అతని భుజం మీద అమీను గారి గొలుసుంది.
పొలాలు కొలిచి కొలిచి
అడుగు పడితే చాలు, కాలే లింకులు లెక్కపెట్టేది.
ఏ చెక్క ఎవరిదో, ఏ అన్నదమ్ములకి మాటల్లేవో
చెప్పుల్లేని ఆ కాళ్లకి
పట్టా కంటే ముందే తెలిసేది.

గోపాలపూర్ దారిలో రెండు గుంటల ఇసుక కొన్నాడు.
డబ్బు, తల్లి సూరమ్మ మొగలిపూలు కోసి
అత్తరు బట్టీకి మోసిన పదేళ్లు.
కాగితం ఆమె పేరునే.
వేలిముద్ర వేస్తుంటే సిరా
గీతల్లోకి పోలేదు, ముళ్ల గాట్లలోకి పోయింది.
హద్దులడిగాను.
ఉత్తరం బెహరా వాళ్ల జీడితోట, దక్షిణం బాట,
పడమర మొగలిపొదలు.
తూర్పు?
"సముద్రం అని రాసీ పంతులూ. అదెక్కడికి పోద్ది?"

తర్వాత నేను రాయడం, అతను పెరగడం.
అంబపువాలో లేఅవుటు. ఆపైన ఊళ్లోనే లిఫ్టున్న మేడ.
ప్రారంభం రోజు లిఫ్టులో ఇరుక్కున్న కౌన్సిలరుకి
తలుపు సందులోంచి అప్పడాలు అందించారు.
పట్టుసాలీల వీధిలో మగ్గం గోతులు పూడ్చి
వాటి మీద కార్లు నిలబెట్టాడు.
చెప్పిన నెలకి తాళాలిచ్చేవాడు, అది నిజం.
ఇళ్లు ఖాళీ చేసినవాళ్లు ఎలా చేశారో, అదీ నిజమే.
'నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేక'
అని రాసింది ఈ చెయ్యే.

పొదలు నరికిన చోట లేచింది
మొగలి ఎన్‌క్లేవ్, నూట పన్నెండు ఫ్లాట్లు.
బోర్డు మీద పువ్వు బొమ్మ చూసి సూరమ్మ
"ముల్లు ఎయ్యనేదేట్రా?" అందట.

ఆ తుఫాను రాత్రి గడిచి తెల్లారేసరికి
రెండు గుంటలూ లేవు.
అంత మనిషికి అదో లెక్కా!
ఎవరూ అడగలేదు. నేనూ మర్చిపోయాను.

ఇవాళ ఒక్కడే వచ్చాడు, డ్రైవరు లేకుండా.
చేతిలో ప్లాస్టిక్ సంచీ, సంచీలో శిస్తు రశీదులు,
తుఫాను తర్వాతవి కూడా,
ఏటా, ఒక్కటి తప్పకుండా,
నీళ్ల కింది రెండు గుంటలకి.
"కొట్టేత్తానన్నాడు తాసిల్దారు. నానొగ్గనేదు."
కాసేపాగి,
"అమ్మ పోయి నెలైంది.
ఆవిడ పేరనున్నది ఇదొక్కటే. నా పేరుకి మార్చు."

రాస్తున్నాను.
ఉత్తరం నీళ్లు. దక్షిణం నీళ్లు.
పడమర, మొగలి ఎన్‌క్లేవ్ ప్రహరీ.
తూర్పు దగ్గర కలం ఆగింది.
"పాత కాగితంలో ఏటుంది?"
చూపించాను.
"మరింకేటి. అదే ఉండనీ."

బల్ల కింద, ఖరీదైన బూటులో,
అతని కాలు ఏదో లెక్కపెడుతోంది.
నా ఫీజు దగ్గర మాత్రం
ఇరవై రూపాయల కోసం చాలాసేపు బేరమాడాడు.