అరవై అయిదు నాట్లు

మొదటి రోజు నవ్వింది ఆ అమ్మాయి.
"నాట్లంటే మా ఊళ్ళో ఆషాఢంలో ఏస్తారు సార్,
నడుం ఒంచి, ఎనక్కి నడుస్తూ."
ఇక్కడ నాట్లు వేగానివి, అన్నాను.
దిగేటప్పుడు అరవై అయిదు.
ఎక్కువైతే రన్‌వే అయిపోతుంది,
తక్కువైతే మనం అయిపోతాం.

పేరు సువ్వాడ హైమ. నెల్లిమర్ల.
తల్లి జూట్ మిల్లులో స్పిన్నింగు.

చంపావతి మీద ఒక చుట్టు,
ఇసుక మేటలు, రెండు గేదెలు,
ఆఖరి మలుపు.
రన్‌వే మొదట్లో నాలుగు తాటిచెట్లు.
మేం కిందికి జారుతున్నాం,
అవి పొడుగవుతున్నాయి.
భయపడ్డ వాళ్ళంతా చేసేదే తనూ చేసింది.
ముక్కు పైకి లాగింది.

ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను ఈ లాగుడు.
ముక్కు లేచింది, చెట్లు దాని వెనక్కి పోయాయి.
కనబడనివి లేనట్టే అనుకుంటుంది మనసు.
ముల్లు అరవై
యాభై ఆరు
యాభై ఒకటి
రెక్కలో సన్నగా కూత మొదలైంది,
తీర్థంలో కొన్న బూర ఎవరో పిల్లాడు
నిద్రలో ఊదుతున్నట్టు.

"వదిలెయ్. నాకియ్యి."

దిగాక ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది,
ఎవరివో అన్నట్టు.
వాచ్‌మన్ అసిరయ్య సైకిలు
హేంగరు గోడకి ఆనించి ఉంది, అది చూపించాను.
రామతీర్థం దారిలో ఎత్తొచ్చింది,
హేండిల్ పైకి లాగితే ఎక్కుతుందా?
"ఎక్కదు. తొక్కాల."
మరి పల్లంలో?
"తొక్కక్కర్లేదు. అదే పరిగెడతాది."

అంతే పాఠం.
ఎత్తు నీ కుడిచేతిలో, థ్రాటిల్ దగ్గర.
వేగం ఎడమచేతిలో, ముక్కు దగ్గర.
ఎత్తు చాలకపోతే తొక్కు.
వేగం చాలకపోతే ముక్కు దించు.
నేల మీదికొస్తున్నప్పుడు
నేలవైపే ముక్కు దించమంటే
ఏ ఒళ్ళు ఒప్పుకుంటుంది?
నా ఒళ్ళు నెల రోజులు ఒప్పుకోలేదు.
(నిజానికి రెండు చేతులూ కలిసే చేస్తాయి ఏ పనైనా.
అది చెప్పడానికి ఇంకా టైముంది.)

తర్వాత పదకొండు రోజులు
ముల్లునే చూస్తూ నడిపింది.
అరవై ఎనిమిదికి ముక్కు ఎత్తి
అరవై రెండుకి దించి
మళ్ళీ ఎత్తి,
ముల్లు వెంట పరిగెత్తి పరిగెత్తి
ఇద్దరం అలిసిపోయాం.

పన్నెండో రోజు నా జేబులో బస్సు టిక్కెట్టు ఉంది,
విజయనగరం నుంచి వచ్చింది.
వేగం చూపించే గడియారం మీద దాన్ని అంటించేశాను.
"ఏటి సార్ ఇది!"
బయటికి చూడు. విను.

కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, అడగకుండానే,
"మా అమ్మకి చెవులు పోనాయి సార్, మిల్లు మోతకి.
ఇప్పుడు పిలిస్తే పలకదు.
అప్పట్లో మాత్రం అనేది,
పోగు తెగే ముందు ఓ పిసరు సన్నగా మాటాడతాదని,
అది ఇనబడితే చెయ్యి దానంతటదే ఎల్తాదని."

గాలి మోత కొంచెం మందగించింది.
నాకంటే ముందే తనకి తెలిసింది.
ముక్కు ఒక వేలెడు దిగింది.
మోత తిరిగొచ్చింది.
టిక్కెట్టు అంచు ఎత్తి దొంగచూపు చూశాను.
అరవై నాలుగు.
చెప్పలేదు.

కింద మళ్ళల్లో నిజంగానే నాట్లు.
ఎర్రచీరలు, పచ్చచీరలు
వంగి వెనక్కి నడుస్తున్నాయి,
ఒక్క తలా పైకెత్తలేదు.
తాటిచెట్లొచ్చాయి. కాస్త కిందికి ఉన్నాం.
ఆమె ఎడమచెయ్యి లాగబోయి
ఆగింది.
కుడిచెయ్యి ముందుకి జరిగింది.
తాటాకులు మా కింద తలలు విదిలించుకున్నాయి.

చక్రాలు తగిలి రెండుసార్లు ఎగిరిపడ్డాం.
నా పన్ను నాలిక మీద పడింది.
అది వేరే పాఠం.

ఇంజను ఆపాక టిక్కెట్టు పీకింది.
ముల్లు సున్నా మీద కూర్చుని ఉంది.
"ఇది మాత్రం
చూడకుండానే చెప్పుదును" అంది.