తరుగు

టొలీడోలో మార్చి రెండో శనివారం.
కాజిమిర్ టైర్ల కొట్టు వెనకగది.
రబ్బరు వాసన, మాడిన కాఫీ,
మడత కుర్చీల్లో పన్నెండు మందిమి,
కాగితం మీద మాత్రమే ఉన్న
తలా రెండు వందల అరవై డాలర్లు.
వేలాన్ని మా భాషలో పాట అంటారని
ఒకసారి వెర్నాకి చెప్పాను.
అప్పట్నుంచీ నా వంతు రాగానే
"పాడు, పాడు" అని తనే గొంతు సవరించుకుంటుంది.

వారమంతా నేను గాజు ఫ్యాక్టరీలో మందం కొలుస్తాను.
వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే
పలకని పక్కన పెట్టడం నా పని.
సగటు అబద్ధమాడదు గానీ
అడిగినదానికే జవాబు చెబుతుంది,
బోనెక్కిన సాక్షిలా.

కొట్టేవాణ్ణీ విసిరేవాణ్ణీ
ఒకే త్రాసులో వేయడమెలా?
ఇతనివి ముప్ఫై హోమ్ రన్లు,
అతనివి రెండు వందల స్ట్రైకౌట్లు.
కందిపప్పుకీ కొబ్బరినూనెకీ బేరం.
చలికాలమంతా, కిటికీ కింద మంచు మురికయ్యేదాకా,
ఆ లెక్కే కట్టాను:
ఊరికే దొరికేవాడు ఎంత ఇస్తాడో ముందు రాసుకుని
ఆ పైన ఇచ్చిందే ఇతని విలువ అనుకుని
మిగిలినదాన్ని విచలనంతో భాగించి.
వెర్నా పట్టీ చూసి
"మనుషుల్నీ ఇలాగే కొలుస్తావా?" అంది.
కొలవనన్నాను,
కొంచెం ఆలస్యంగా.

డాలరులో డెబ్భై సెంట్లు బ్యాటుకి,
ముప్ఫై సెంట్లు భుజానికి.
భుజం ఎప్పుడైనా తెగేదే కదా,
కంసాలిలా ముందే తరుగు తీసేస్తాం.

ఈ ఏడు నా దగ్గరొక రహస్యం ఉంది.
ఎమ్మెట్ స్లోకమ్.
నిరుడు తొమ్మిది ఇన్నింగ్స్‌కి అయిదు పాయింట్ ఒకటి పరుగులు.
అందరూ అతని పేరు మీద గీత గీశారు.
కానీ వెనకున్న షార్ట్‌స్టాప్ కాళ్లీడ్చేవాడు,
నేలన దొర్లిన ప్రతి బంతికీ
ఏదో ఒక సందు దొరికింది.
అతని చేతిలో ఉన్నవి మాత్రమే లెక్కేస్తే
మూడు పాయింట్ నాలుగు.
దురదృష్టాన్ని చెరిగి పోస్తే చేటలో మిగిలే మనిషి.
పట్టీ అతనికి పద్నాలుగు డాలర్లు కట్టింది.
మూడింటికి వస్తాడు, నోరు మూసుకుంటే.

ఒక్కటే చిక్కు.
ఆగస్టు చివర్లో పై జట్టు నించి దించి
అతన్ని మా ఊరి జట్టుకి పంపారు.
పదకొండు డాలర్ల టికెట్టు, మూడో బేస్ వైపు సీటు.
అయిదో ఇన్నింగ్స్ నించీ
ప్రతి బంతి తర్వాతా వేళ్లు విదిలించేవాడు,
తడి దులుపుకుంటున్నట్టు.
ఆ రాత్రి గాలి ఎండుగా ఉంది, వాన లేదు.
వేగం తగ్గలేదు. గురి తప్పలేదు.
ఏ అంకెలోనూ ఏమీ లేదు.
వేళ్లకి నా పట్టీలో గడి లేదు.

"స్లోకమ్. ఒక డాలరు" అన్నాడు కాజిమిర్.
రెండు, నేను.
మూడు, ఒడెల్. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపాడు,
పేరు నచ్చితే కొంటాడు, అంతే.
అయిదు. ఆరు. ఎనిమిది.
పది, అన్నాడు ఒడెల్, డోనట్ నములుతూ.
ఒకటోసారి.
పట్టీ పద్నాలుగంటోంది.
రెండోసారి.
"పాడు" అంది వెర్నా, నా వైపు చూడకుండానే.
బల్ల కింద
నా కుడిచేతి వేళ్లు విదిలించుకుంటున్నాయని
అప్పుడు చూశాను.
పదకొండు, అన్నాను.
ఆ రోజు టికెట్టు కూడా అంతే.
మూడోసారి.

స్లోకమ్ పేరు పక్కన పెన్సిల్‌తో
ఒక చిన్న గడి గీశాను.
అందులో ఏం రాయాలో తోచలేదు.
అప్పటికే క్యాచర్ల పాట మొదలైంది,
ఒడెల్ ఇంకో డోనట్ అందుకున్నాడు.