మొదటి పొలుసు

చీలమండ దగ్గర చర్మం గరుకుగా ఉందన్నావు పొద్దున.
ఆలివ్ నూనె రాశాను, కూజాలో మిగిలిన అడుగు బొట్టు.
ఇంకలేదు, కాడ్మస్. జారిపోయింది.
నేనేమీ అనలేదు.

ఊరు కట్టాలని నువ్వెప్పుడు బయల్దేరావు గనక?
చెల్లెల్ని వెతికి తెమ్మంటే సముద్రం దాటావు,
దొరక్క, ఒక ఆవు వెంట పడ్డావు.
డొక్క మీద చందమామ మచ్చున్న ఆవు.
అది కాళ్ళు ముడుచుకున్న చోటుని
థీబ్స్ అన్నారు జనం, తర్వాతెప్పుడో.
పాపం దానికి కాళ్ళు నొప్పిపుట్టాయి, అంతే.

నీళ్ళకెళ్ళిన నీ మనుషుల్ని మింగిందని
ఊట దగ్గరి పాముని బండరాతితో కొట్టావు.
మా నాన్న పాము అది.
దాని పళ్ళు పీకి చాళ్ళలో విత్తావు.
బుట్టలో గలగలమన్నాయని
పెళ్ళినాటి రాత్రి నవ్వుతూ చెప్పావు.
నేనూ నవ్వాను. పద్దెనిమిదేళ్ళు నాకు.
మొలిచినవాళ్ళు మొలిచినట్టే నరుక్కున్నారు,
మిగిలిన ఐదుగురిలో ఒకడికి
మన పిల్లనే ఇచ్చాం.

ఆ పెళ్ళి హారం నేను తెచ్చుకోలేదు.
మెడకి ఎప్పుడూ చల్లగానే తగిలేది.
కోడలి పెట్టెలో వదిలేశాను.
తప్పు చేశానేమో.

నాకు గుర్తున్నది ఆ పళ్ళెం.
పొయ్యి బూడిద పరిచి, నలుగురు ఆడపిల్లల్నీ కూర్చోబెట్టి
మీ తూరు నగరపు అక్షరాలు వేలు పట్టి దిద్దించేవాడివి.
మొదటిది ఎద్దు తల, రెండోది ఇల్లు.
"మీ నాన్న కథే," అనేదాన్ని.
అగావే కొమ్ములు ఎప్పుడూ వంకరే.
ఓసారి బూడిదలో నిప్పుకణం ఉండి
సెమెలీ వేలు చురుక్కుమంది, ఎంత ఏడ్చిందో.
ఆ తర్వాతి సంగతి వద్దు.

ఇనో అలల్లోకి దూకినప్పుడు చంకలో పిల్లాడున్నాడు.
ఆటోనొయీ అడవిలో కొడుకు ఎముకలు ఏరుతుంటే
వాణ్ణి చీల్చిన కుక్కలే, యజమాని కనబడక,
వచ్చి ఆమె చేతులు నాకాయట.
తరిమెయ్యలేదట అది.
అగావే గురించి నువ్వూ అడగవు, నేనూ చెప్పను.

అక్షరమంటే చెరగనిదని మురిసేవాడివి.
బూడిదలో రాస్తూ ఆ మాటనడం నీకే చెల్లింది.

ఒక పాము కోసం దేవుళ్ళకి ఇంత కోపమైతే
నన్నూ పామునే చెయ్యమని మొన్న అరిచావు,
ఈ ఇల్లిరియా ఏటి ఒడ్డున, రెల్లు మధ్య నిలబడి.
ఎవరో విన్నట్టున్నారు.
నా మడమ మీదా ఒకటి మొలిచింది, గోరంత, పచ్చగా.
నీకు చూపించలేదు.

వేళ్ళు ఉన్నాయి కదా ఇంకా.
ఇటు రా, ఈ తడి ఇసుకలో
ఒక ఎద్దు తల గియ్యి.
కొమ్ములు వంకరగా.