సీక్రెట్ ఏజెంట్ పాలపిట్ట

నా ఏడో తరగతి సెలవుల్లో, ఆమదాలవలసలో
మా కూర్మారావు బావ ఎగిరాడు.
టీవీ సినిమా. రెక్కలు తనే కుట్టుకున్నాడు,
నీలం లైనింగు గుడ్డతో, అరువు జిప్పుతో.

విలన్ స్థావరం పంచదార ఫ్యాక్టరీ,
క్రషింగు ఆగిన నెల కనక అద్దె లేదు.
బాంబు, టార్చిలైటు కట్టిన బెల్లం దిమ్మ;
షాటు అయ్యేలోగా చీమలు పట్టేశాయి.
శత్రుదేశం సైన్యం మేం పదకొండుమందిమి,
చచ్చి, గోడ వెనక లేచి,
మీసం మార్చుకొచ్చి మళ్లీ చచ్చేవాళ్లం.

ఆదివారం సాయంత్రం వేశారు.
పోస్టుమాస్టరు గారి వాకిట్లో వీధంతా కూర్చుంది.
బావ చిమ్నీ పక్క గోడెక్కాడు,
రెక్కలు విప్పాడు, దూకాడు,
కరెంటు పోయింది.

వచ్చేసరికి ఎవరో
వరిలో కాండం తొలిచే పురుగు గురించి చెబుతున్నారు.

ఆ టేపు మీద తర్వాత ఇంకేదో ఎక్కించేశారట.
ఫ్యాక్టరీ మూతపడింది.
మొన్న కాజాలు కుడుతుంటే అడిగాను:
"ఆకర్న ఏటయింది బావా, దిగేవా నేదా?"

దారం పళ్లతో తెంపి
కుడికాలి ఫ్యాంటు మోకాలి పైకి మడిచాడు.
"వానొస్తే సలుపుతాది.
గడ్డిమోపులు
ఓ మూర అవతలేసినార్రా."