బయానా

ఉదయగిరి దస్తగిరి పొద్దున్నే వొచ్చి కూకున్నాడు.
నాంచారిని ఒక్క ఈతకు పంపమంటాడు.
పిల్ల ఆయనది, మేత ఆయనది,
నాకు ఇరవై వేలు, తల్లి తిరిగిరావడం.

తిరిగిరావడం అని రెండుసార్లు అన్నాడెందుకో.

పదకొండు నెలలు.
కావలి పెండ్లికొడుకులు కార్లలో పోతారు, పోనీ.
బాజా వింటే నిక్కే ఆ చెవులు
అక్కడ కొండల్లో ఏం వింటాయో.

గొడ్ల డాక్టరు పళ్లు చూసి పన్నెండేళ్లన్నాడు,
తొలిచూలుకు ముదురేనని నా మొహం చూడలేదు.
మా కొండమ్మ తౌడు కలపతా అనింది:
"నా మూడు కాన్పులకు నన్నెవురడిగినారు?"

దస్తగిరి నోట్లు నా జేబులో కుక్కి బస్సెక్కాడు.
నేనింకా ఊ అన్లేదు.

మాపటేళ కొట్టంలోకి పోతే
అలవాటుగా బెల్లానికి జేబులో మూతిపెట్టింది.
నోట్లు వాసన చూసి ఫుర్రుమనింది.
మళ్లీ వెతికింది.