ఆఖరి ఐదు కిలోమీటర్లు

దాలినాయుడు గారు రిటైరవుతూ నాకు అప్పజెప్పినవి రెండే:
మేడ మీద డిష్షుకి తుప్పు గీకే బ్రష్షు,
బైండు ఊడిన లాగ్‌బుక్కు.

తొంభై ఎనిమిది జులైలో ఆయన రాత:
"ముసురు. మూడో రోజు. రెండు డెసిబెల్స్ పోయాయి.
మాట తెగలేదు. టీ రెండుసార్లు."

అప్పటి వాన జల్లెడ పట్టిన పిండిలా
రోజుల తరబడి రాలేదట.

ఇప్పుడు
యారాడ కొండ వెనక నల్లబడిందని చూసేలోపే
కంచరపాలెం గెడ్డ రోడ్డెక్కుతుంది.
వారం వానంతా నలభై నిమిషాల్లో.
చినుకు కాదది, శనగ్గింజ.
మా అల పొడవు రెండున్నర సెంటీమీటర్లు;
లావెక్కిన చినుకు దానికి అడ్డం నిలబడి
కొంత తాగుతుంది, కొంత పక్కలకి చిమ్ముతుంది.

తలుచుకుంటే నవ్వొస్తుంది.
ముప్పై ఆరు వేల కిలోమీటర్లు
ఎవరూ లేని చీకట్లో
ఒక్క అక్షరం ఒలక్కుండా వచ్చిన మాట
ఇంకో ఐదు కిలోమీటర్లలో మర్రిపాలెం మేడ అనగా
నీళ్లపాలవుతుంది.

మా మీద పడితే అందరికీ ఒకేసారి పోతుంది.
భీమిలి ఏటీఎం ముందు ఎవరో కార్డు పెట్టి నిలబడిపోతారు,
పాయకరావుపేట బంకులో బిల్లు సగంలో ఆగుతుంది.
అవి మళ్లీ వస్తాయి. తిట్లు తింటాం, సరిపోతుంది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం
మర్రిపాలెంలో ఎండ. బట్టలారేసుకున్నారు.
మాడుగుల కొండ మీది వానకొలత పెట్టె ఒక్కటే మూగబోయింది.
"ఇక్కడ ఇంత పడింది" అని
ఐదు నిమిషాలకోసారి చెప్పడమే దాని ఉద్యోగం.
చెప్పి తీరాల్సిన వేళకే
వాన దాని నోరు నొక్కేసింది.
తెర మీద ఆఖరి అంకె: పన్నెండు మిల్లీమీటర్లు.
ఆ పన్నెండుని చూసి ఎవరు ఉలిక్కిపడతారు?
పంతొమ్మిది నిమిషాల తర్వాత
దాచుకున్నదంతా ఒక్కసారే కక్కింది:
ఇరవై నాలుగు, ముప్పై ఎనిమిది, యాభై ఒకటి.
అప్పటికే రెండు పశువుల పాకలు లేవు.

మార్జిన్ పెంచమని హైదరాబాదుకి రాశాను.
పాత వాన పట్టిక ప్రకారం ఇది చాలన్నారు.
పట్టిక ఏ సంవత్సరానిదని అడిగాను.
దానికి జవాబు రాలేదు,
ఆ వారం వానా రాలేదు.

అప్పట్నించీ లాగ్‌బుక్కులో ఇంకో గడి గీశాను.
ఎప్పుడు పోయింది, ఎంత లోతుకి పోయింది, ఎప్పుడు తేలింది.
నిండుగా ఉన్న గడులకన్నా
ఈ ఖాళీలే ఎక్కువ తడిగా ఉన్నాయి.

అక్టోబరు. రాత్రి రెండున్నర.
మాడుగుల గీత వంగింది, వణికింది,
నేలకి తగిలింది.
నాలుగు నిమిషాలు ఆగి ఫోన్ చేశాను.
పెట్టె కాపలా కొర్రా సన్నిబాబు నిద్రగొంతుతో ఎత్తాడు.

"గెడ్డ ఒడ్డు వాళ్లని లేపు."

"ఎంత పడిందేటి మేడమ్? అంకె ఎంతొచ్చింది?"

"అంకె రాలేదు, సన్నిబాబూ.
అందుకే లేపమంటున్నాను."