తడిమితే తెలిసే మాట

ఎల్మినా రేవులో పడవలకు అక్షరాలు రాసేది నేనే.
ఎర్ర రంగు డబ్బా, అరిగిన కుంచె,
పడవకో వాక్యం.
కూలి చేపల్లోనే.

క్వాంసా పడవకు "నా కేడెము" అని రాశాను.
ఆగస్టు గాలివానకి అది రెండు ముక్కలైంది.
ఒడ్డుకొచ్చిన ముక్క మీద
"నా" ఒక్కటే మిగిలింది.

ఆ రాత్రి కుంచె కడగలేదు.
ప్రార్థనకి మోకాళ్లు వంగలేదు.
రాసిన చెయ్యి నాదే,
మరి మునిగిన మాట ఎవరిది?

తొమ్మిదో రోజు మాన్సా వచ్చింది, వాడి భార్య.
చంకలో నానిన బైబిలు,
పేజీలు అప్పడాల్లా ఎండి లేచాయి.
"కొత్త పడవ కొన్నాం. తమ్ముడు ఎక్కుతాడు.
అదే మాట రాయి."

"అది కాపాడలేదుగా" అన్నాను ఇసక చూస్తూ.

ఆమె కోప్పడలేదు.
"ఆ ముక్క పట్టుకుని నలుగురు తేలారు.
కునుకు పడితే చెయ్యి జారుతుందని
రాత్రంతా కీర్తన చెప్పించాడట మా ఆయన.
మాట మరిచినవాడి చెంప వాయించి మరీ.
తెల్లారేసరికి ముగ్గురున్నారు.
ముగ్గురికీ కీర్తన మొత్తం వచ్చు."

తర్వాత చాలాసేపు
అలల మోతే.

ఈసారి రంగు ముట్టుకోలేదు.
ఉలి తీసి పడవ లోపలి అంచున,
తెడ్డు వేసేవాడి చేతికి తగిలే చోట,
లోతుగా చెక్కాను,
చీకట్లోనూ తడిమితే తెలిసేలా.

మాన్సాకి చదువు రాదు.
వేలు పెట్టి ఒక్కో గాడి వెంట నడిచింది.
చివరి అక్షరం దగ్గర
వేలు తీయలేదు.